దానపత్రము వెంట వచ్చు ఫీజు

దాత, ప్రతిగ్రహీత, శ్రద్ధ, దేయవస్తువు, దేశము, కాలము అని దానమునకు ఆరు అంగములను మన ధర్మశాస్త్రకారులు చెప్పియున్నారు. నేటి గృహస్థునకు ఏడవ యంగ మొకటి వచ్చి చేరినది. అది లెక్క. తండ్రి కూతునకు పసుపుకుంకుమల క్రింద నాలుగెకరముల నేల నిచ్చినను, అన్న తమ్మునకు వ్యాపారము నిమిత్తము పైక మిచ్చినను, మేనమామ మేనల్లుని చదువునకు సాయపడినను, దాని వెనుక నొక దస్తావేజు, ఆ దస్తావేజు వెనుక నొక పన్ను ప్రశ్న, ఆ ప్రశ్న వెనుక దానిని తీర్చిపెట్టువాని ఫీజు తప్పక నిలిచియుండును. పన్ను రేటును గూర్చి పదిమందిని విచారించు పెద్దమనుష్యుడు సైతము ఈ ఫీజును గూర్చి అడుగుటకు సంకోచించును. ఆడిటరు చెప్పినంత ఇచ్చివేయుట మర్యాదయనియు, బేరమాడుట లేకితనమనియు మనవారి భావము. బేరమాడవలె నని మేము చెప్పుట లేదు. ఏ కొలతతో కొలిచి అడిగిరో తెలిసికొనవలె నని మాత్రము చెప్పుచున్నాము.

కర్నూలు జిల్లా పడమటి భాగమున కొలతలకు కొదువలేదు. ప్రతిఫలమును నిర్ణయించు రెండు పద్ధతులను ఇచ్చటి రెండు పట్టణములే మనకు చూపుచున్నవి. ఆదోని పత్తి మండీలో కమీషను దుకాణదారుడు సరుకు ధరను బట్టి నూటి కింత యని పుచ్చుకొనును. ఎమ్మిగనూరులో మాచాని సోమప్పగారు 1938లో స్థాపించిన చేనేత సహకార సంఘము పేరు ఎరుగనివారు రాయలసీమలో అరుదు. అట్టి సంఘములలో నేతగానికి ముట్టునది మజూరి. నూలు సన్నదనము, బట్ట పొడవు వెడల్పులు, అంచుపని చూచి మజూరి కట్టుదురు గాని, ఆ చీరను కొనబోవునది లక్షాధికారి భార్యయా, కూలిమనిషియా యని చూచి కట్టరు. ఒకటి విలువ కొలత. రెండవది శ్రమ కొలత. దానపు లెక్క వ్రాయువాడు దళారివలె కమీషను పుచ్చుకొనవలెనా, నేతగానివలె మజూరి పుచ్చుకొనవలెనా యనునదియే నేటి ప్రశ్న.

పూర్వవృత్తాంతము కొంత తెలిసిననే గాని ఈ ప్రశ్న యొక్క బరువు తెలియదు. కేంబ్రిడ్జి ఆర్థికశాస్త్రవేత్త నికొలాస్ కాల్డార్ 1956లో మన పన్నుల విధానమును పరిశీలించి చేసిన సూచనలలో దానపు పన్ను ఒకటి. 1958 ఫిబ్రవరిలో ఆర్థికశాఖను తామే వహించియుండిన జవహర్‌లాల్ నెహ్రూగారు బడ్జెటు ప్రసంగములో దీనిని ప్రతిపాదించిరి. ఆ యేడు ఏప్రిల్ 1 నుండి దానపు పన్ను చట్టము అమలునకు వచ్చెను. పన్ను చెల్లించవలసినవాడు దాత. ఆరంభములో సాలుకు రూ. 10,000 వరకు మినహాయింపు కలదు. భూదాన సంపత్తిదానోద్యమములకు ఇచ్చిన దానములకును ఆ చట్టమున మినహాయింపు నుంచిరి. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో వెదిరె రామచంద్రారెడ్డిగారు నూరెకరములతో ఆరంభించిన ఆ దానమునకు పన్ను వేయుట ఎవరికి మాత్రము రుచించును?

ఆ దినములలో దానపు రిటర్ను అనునది నిజముగా వేరు రిటర్ను. దానిని జూన్ 30వ తేదీలోపల దాఖలు చేయవలసియుండెను. అందులో పని యెక్కువ. ఇచ్చిన నేలకు, ఇంటికి, వ్యాపారములోని వాటాకు విలువ కట్టవలెను. కుమారుని భాగస్వామిగా చేర్చుకొన్నప్పుడు దుకాణపు మంచిపేరులో వాటా ఇచ్చినట్లా కాదా యని వాదింపవలెను. స్వార్జితమును ఉమ్మడి కుటుంబపు ఆస్తిలో కలిపిన యెడల అది దానమగునా యను ప్రశ్న ఆంధ్రప్రదేశము నుండియే సుప్రీంకోర్టునకు పోయెను. 1970లో ఆ న్యాయస్థానము అది దానము కాదని తీర్పు చెప్పగా, శాసనకర్తలు చట్టమును సవరించి దానినిగూడ దానముగనే భావింపవలె ననిరి. అట్టి ప్రశ్నలకు ఆధారములు చూచి సలహా ఇచ్చినవాడు పెద్ద ఫీజు అడిగినను తప్పుపట్టుటకు వీలులేదు. అతడు అమ్మినది కాగితము కాదు, విద్య. 1987 నుండి ఈ పన్ను నూటికి 30 వంతున ఒకే రేటుగా నుండెను. 1998 అక్టోబరు 1 తరువాత చేసిన దానములకు ఆ చట్టము వర్తింపదని పార్లమెంటు నిర్ణయించెను. దానితో దానపు రిటర్ను చరిత్రలో కలిసిపోయెను.

అయినను పన్ను పూర్తిగా పోలేదు. దాతను విడిచి ప్రతిగ్రహీతను పట్టుకొన్నది. 2004 సెప్టెంబరు 1 నుండి, బంధువులు కానివారి వలన వచ్చిన పైకము రూ. 25,000 మించిన యెడల పుచ్చుకొన్నవాని ఆదాయముగా లెక్కించిరి. 2006లో ఆ హద్దును రూ. 50,000 చేసిరి. 2009 అక్టోబరు 1 నుండి ఇండ్లు, స్థలములు, నగలు, షేర్లు గూడ ఇందులో చేరినవి. హద్దు దాటిన పైకమంతయు పన్నునకు లోబడునే గాని దాటిన భాగము మాత్రమే కాదు. ఇక భార్యాభర్తలు, తల్లిదండ్రులు, బిడ్డలు, మనుమలు, తోబుట్టువులు మున్నగు చట్టము చెప్పిన బంధువుల వలన వచ్చినదానికి పన్ను లేదు. పెండ్లి సమయమున వధూవరులకు వచ్చిన కట్నకానుకలకు లేదు. వీలునామా మూలముగా, వారసత్వముగా వచ్చినదానికి లేదు. 1961 నాటి చట్టమునకు బదులుగా 2026 ఏప్రిల్ 1 నుండి అమలగునట్లు చేసిన 2025 నాటి ఆదాయపు పన్ను చట్టమునందును ఈ న్యాయమే నిలిచినది.

పాఠకులు ముఖ్యముగా గమనింపవలసిన దిచ్చటనే కలదు. తండ్రి కూతునకు ఇచ్చిన భూమికి నేడు దానపు పన్ను లేదు. దానపు రిటర్ను అనునదే లేదు. కూతురు ఆదాయపు రిటర్ను వేయునదైనచో, అందులో పన్ను లేని రాబడుల పట్టికలో నొక పంక్తి వ్రాసిన చాలును. కావున "గిఫ్టు రిటర్ను వేసితిమి" అని ఎవరైన ప్రత్యేకముగా ఫీజు అడిగిన యెడల, ఏ ఫారము వేసితిరి, దాని రసీదు ఏది యని అడుగుట గృహస్థుని హక్కు. కందకు లేని దురద కత్తిపీటకేల యన్నట్లు, చట్టమునకు లేని పన్ను ఫీజు చీటీలో మాత్ర మెందు కుండవలెను?

ఇట్లనుటచే పన్ను సలహాదారునకు పనియే లేదని భావింపరాదు. పని కలదు, అది వేరొకచోట కలదు. మేనమామ మేనల్లునకు పది లక్షలు ఇచ్చిన పన్ను లేదు, ఏలయన తల్లి తోబుట్టువు చట్టము చెప్పిన బంధువు. ఆ మేనల్లుడే పెద్దవాడై సంపాదించి మేనమామకు పది లక్షలు తిరిగి కానుకగా నిచ్చిన యెడల, తోబుట్టువు కుమారుడు ఆ పట్టికలో లేడు గనుక మేనమామకు పన్ను పడును. పినతండ్రి కుమారుని మనము తమ్ముడనియే పిలిచెదము; చట్టము పిలువదు. భార్యకుగాని, కోడలికిగాని, మైనరు బిడ్డకుగాని ఇచ్చిన ఆస్తికి ఇచ్చునాడు పన్ను లేకున్నను, దానిపై వచ్చు వడ్డీ, అద్దె మున్నగునవి సామాన్యముగా ఇచ్చినవాని ఆదాయములోనే కలియును. ఈ సంగతి చెప్పక దానపత్రము మాత్రము వ్రాయించిన సలహాదారుడు పని సగమే చేసినవాడు.

భూమి విషయమున మరియొక చిక్కు కలదు. బంధువు కానివాని వలన సేద్యపు భూమి పుచ్చుకొన్నప్పుడు, ఆ భూమి పట్టణమునకు ఎంత దూరమున నున్నదను విచారణ వచ్చును. జనాభా పదివేలకు మించి లక్ష వరకు గల మునిసిపాలిటీ పొలిమేర నుండి 2 కిలోమీటర్ల లోపలను, లక్షకు మించి పది లక్షల వరకు గలదానికి 6 కిలోమీటర్ల లోపలను ఉన్న పొలము ఆదాయపు పన్ను చట్టము దృష్టిలో మూలధనాస్తియే. 2011 జనాభా లెక్కలలో ఆదోని లక్షకు పైబడినది. ఎమ్మిగనూరు లక్షకు లోపల నున్నది. కావున ఎమ్మిగనూరునకు నాలుగు కిలోమీటర్ల దూరపు పొలము ఒక తరగతిలోను, ఆదోనికి నాలుగు కిలోమీటర్ల దూరపు పొలము మరియొక తరగతిలోను పడుచున్నవి. ఆ దూరము కూడ దారి వెంట కొలుచునది కాదు, కాకి యెగిరినట్లు సూటిగా కొలుచునది. పట్టణమునకు దూరమైన సేద్యపు భూమిని బంధువు కానివాడు దానముగా పుచ్చుకొన్నచో పన్ను కలదా లేదా యను విషయమున ట్రిబ్యునళ్లు ఏకాభిప్రాయముతో తీర్పులు చెప్పలేదు. ఇట్టిచోట ఆడిటరు పటము చూచి, తీర్పులు చదివి, వ్రాతమూలముగా అభిప్రాయ మిచ్చిన దానికి తగిన ఫీజు న్యాయమే.

ఇప్పుడు ఫీజు కట్టు పద్ధతులను విచారింతము. లోకములో నాలుగు పద్ధతులు కనబడుచున్నవి. ఫారమున కింత యనునది మొదటిది. పట్టిన కాలమును బట్టి గంట కింత యనునది రెండవది. దానముల సంఖ్య, ఆస్తి రకము, విలువ కట్టుటలోని కష్టము చూచి మొత్త మింత యని ముందుగా చెప్పుట మూడవది. విలువలోగాని, పన్నులోగాని, తప్పిన పన్నులోగాని నూటి కింత యనునది నాలుగవది. మొదటి మూడును మజూరి జాతికి చెందినవి. నాలుగవది కమీషను జాతికి చెందినది.

ఈ నాలుగవదానిని గూర్చి చట్టము మౌనముగా లేదు. 1949 నాటి చార్టర్డ్ అకౌంటెంట్ల చట్టము, లాభములో శాతముగా గాని, ఫలితమును బట్టి గాని ఫీజు నిర్ణయించుట వృత్తిదోషమని చెప్పుచున్నది. కొన్ని మినహాయింపులు మాత్రము కలవు. పన్ను నిమిత్తము ఆస్తికి విలువ కట్టువాడు విలువలో శాతము పుచ్చుకొనుట వానిలో నొకటి. సంపద పన్ను నిబంధనలు రిజిష్టరు చేసికొన్న వాల్యుయరు ఫీజునకు గరిష్ఠపు హద్దును ఏర్పరచినప్పుడు సైతము, మొదటి శ్రేణికి నూటికి అరరూపాయి యని మొదలుపెట్టి విలువ పెరిగినకొలది శాతమును తగ్గించుచు పోయినవి. ఆస్తి పదిరెట్లయినంత మాత్రమున శ్రమ పదిరెట్లు కాదను సత్యమును ఆ నిబంధన ఒప్పుకొన్నది. వకీళ్లకును వ్యాజ్యఫలితమును బట్టి ఫీజు కుదుర్చుకొనరాదని బార్ కౌన్సిలు నియమము కలదు. చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థ పెద్ద నగరముల కొకటి, తక్కిన ఊళ్ల కొకటిగా కనీస ఫీజు పట్టికలను ప్రకటించియున్నది. అవి సిఫారసులే గాని శాసనములు కావు. ఈ వృత్తిసంఘములలో చేరక పన్ను కాగితములు వ్రాయు గుమాస్తాలకు ఏ పట్టికయు లేదు. అచ్చటనే జాగ్రత్త యెక్కువ కావలెను.

ప్రభుత్వము తానే శాతపు పద్ధతి నవలంబించిన సందర్భ మొకటి కలదు. 2006లో టాక్స్ రిటర్ను ప్రిపేరర్ల పథకమును ప్రవేశపెట్టి, చిన్న పన్నుదారుల రిటర్నులు వ్రాయుటకు యువకులకు శిక్షణ నిచ్చిరి. క్రొత్తగా రిటర్ను వేసినవాడు కట్టిన పన్నులో మొదటియేడు నూటికి 3, రెండవయేడు 2, మూడవయేడు 1 వంతున, రూ. 1,000 మించకుండ ప్రభుత్వమే వారికి ప్రతిఫల మిచ్చునట్లు నిర్ణయించిరి. పన్నుదారుని వద్ద రూ. 250 మించి పుచ్చుకొనరాదనిరి. ఇచ్చట శాతము కట్టిన పన్నుపై. కమీషను పుచ్చుకొనువాడు ఎవరి లాభమును పెంచునో వాని మనిషి యగును. ఇది లోకస్వభావము, ఇందులో దూషణ ఏమియు లేదు.

ఆదోని మండీలో కమీషను న్యాయమగుటకు కారణమును ఇదియే చెప్పుచున్నది. పత్తికి ధర పెరిగిన యెడల రైతునకు లాభము, దుకాణదారునకు లాభము. ఇరువురును ఒకే వైపు లాగుదురు. దానపు లెక్కలో అట్లు కాదు. ఒక రైతు నలువది లక్షల విలువగల ఒకే పొలమును ఒకే కూతునకు వ్రాసి ఇచ్చెననుకొందము. నూటికి ఒకటి చొప్పున ఫీజు రూ. 40,000 అగును, అందు పన్ను ప్రశ్న లేశమును లేదు. మరియొకడు బంధువులకును, స్నేహితులకును, దాయాదులకును కలిపి పదిమందికి లక్ష చొప్పున నిచ్చెను. అదే శాతమున ఫీజు రూ. 10,000 మాత్రమే. పని చూడబోయిన ఒక్కొక్కరి బంధుత్వమును విచారించి, ఎవరికి పన్ను పడునో తేల్చి, పదిమందికి పది జవాబులు చెప్పవలెను. పని తక్కువైనచోట ఫీజు నాలుగు రెట్లు, పని యెక్కువైనచోట నాలుగవ వంతు! ఇట్టి కొలతను ఏ నేతగాడు ఒప్పుకొనును?

తప్పిన పన్నులో వాటా యనునది ఇంతకంటె అపాయకరము. "ఇరువది లక్షలకు నూటికి 30 వంతున ఆరు లక్షల పన్ను పడవలసినది, నేను తప్పించితిని, అందులో పదియవ వంతు అరువదివేలు నాకిమ్ము" అని అడుగువాడు, చట్టమే క్షమించిన పన్నును తాను క్షమించినట్లు అమ్ముచున్నాడు. కూతునకు ఇచ్చినదానికి పన్ను లేకుండచేసినది పార్లమెంటు. అంతకంటె కీడేమనగా, నిజముగా పన్ను పడవలసినచోట అట్టివాడు స్నేహితుని పినతల్లి కుమారునిగాను, పినతల్లి కుమారుని సోదరునిగాను వ్రాయుటకు ఆశపడును. తనిఖీ వచ్చిన దినమున నోటీసు పుచ్చుకొనువాడు పన్నుదారుడు. అప్పటికి కమీషను పుచ్చుకొన్నవాడు కనబడడు. పన్నును, వడ్డీని, జరిమానాను కట్టవలసినది సంతకము చేసినవాడే.

మన జిల్లా పిల్లలు పలువురు అమెరికాలో స్థిరపడియున్నారు గనుక అచ్చటి రీతియు తెలిసికొనదగినది. ఆ దేశమున దానపు రిటర్ను నేటికిని కలదు. దాని పేరు ఫారం 709. దానిని వేయవలసినవాడు దాత. 2025లో ఒక్కొక్కరికి 19,000 డాలర్ల వరకు ఇచ్చిన సామాన్యముగా ఫారముతో పనిలేదు. అంతకు మించిన ఫారము వేయవలెను గాని, జీవితకాలపు మినహాయింపు 2026 నుండి కోటిన్నర డాలర్లు గనుక పన్ను కట్టువారు బహుస్వల్పము. పన్ను లేని రిటర్నునకు ఫీజు ఏల యని మనవా రచ్చట ఆశ్చర్యపడుదురు. జవాబు శ్రమలోనే కలదు. దానములెన్ని, భార్యాభర్తలు సగము సగముగా పంచుకొన్నారా, నేలకు, కంపెనీ వాటాలకు విలువ కట్టిన పత్రమున్నదా, వెనుకటి సంవత్సరముల రిటర్నులు సరిగా నున్నవా యని చూడవలెను. దానమును పూర్తిగా వివరించినప్పుడే ప్రభుత్వము తిరిగి విచారించుటకు మూడేండ్ల గడువు నడచును. వివరము చాలనిచో ఆ గడువు నడువనే నడువదు. అచ్చటి లెక్కల నిపుణుల సంస్థ నియమావళియు, మొదట వేయు రిటర్నునకు ఫలితమును బట్టి ఫీజు పుచ్చుకొనరాదని నిషేధించుచున్నది. మరియు ఎమ్మిగనూరులోని తండ్రి అమెరికా కుమారునకు ఒక సంవత్సరములో లక్ష డాలర్లకు మించి కానుక ఇచ్చిన యెడల, కుమారుడు ఫారం 3520 వేయవలెను; వేయకున్న నెలకు నూటికి 5 వంతున 25 వరకు జరిమానా విధించుటకు వీలు కలదు. తండ్రి ఆడిటరు ఇచ్చట "పన్ను లేదు" అనుట నిజమే. అచ్చటి ఫారము మాట చెప్పుట అంతకంటె విలువైన సలహా.

గృహస్థులు చేయవలసిన పని స్వల్పము. దానపత్రము వ్రాయించుటకు ముందే ఆడిటరును, దస్తావేజు రైటరును అడిగి లెక్కను వేరువేరు పద్దులుగా వ్రాయించుకొనవలెను. స్టాంపు సుంకము, రిజిస్ట్రేషను రుసుము ప్రభుత్వమునకు చెందినవి. కుటుంబములోని వారికి ఇచ్చిన దానమునకు ఒక రేటు, పరులకు ఇచ్చినదానికి వేరొక రేటు ఉండును గనుక ఏ తరగతిలో వేసిరో చూచుకొనవలెను. రైటరు కూలి వేరు. ఆడిటరు సలహా వేరు. రిటర్ను వేరు. ఫీజుపై జి.యస్.టి. అడిగినచో నంబరుతో రసీదు పుచ్చుకొనవలెను. అన్నిటిని కలిపి "మొత్త మింత" యని ఒకే అంకె చెప్పిన చీటీని ఒప్పుకొనరాదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టము ప్రకారము స్థిరాస్తి దానమునకు రిజిష్టరయిన పత్రము, ఇరువురు సాక్షులు, దాత బ్రతికియుండగనే ప్రతిగ్రహీత అంగీకారము ఆవశ్యకములు. వీనిలో లోపముండిన ఎంత ఫీజు ఇచ్చినను దానము నిలువదు.

ఆదోని, ఎమ్మిగనూరులలోని పన్ను వృత్తిపరులకును మా విన్నప మొకటి కలదు. బంధువుల మధ్య దానమునకు సలహా యింత, రిటర్నులో చేర్చుటకింత, బంధువులు కాని వారి దానమునకు వ్రాతమూలపు అభిప్రాయ మింత, నోటీసునకు జవాబింత యని తెలుగులో పట్టిక వ్రాసి కార్యాలయమున వ్రేలాడదీయుడు. ఎరువుల దుకాణములో ధరల బోర్డు ఉండవలె నని అడుగు రైతునకు, లెక్కల దుకాణములోను అట్టి బోర్డును చూచు హక్కు కలదు. తక్కువ ఫీజు పుచ్చుకొమ్మని మేము కోరుట లేదు. చదివి, వెదకి, బాధ్యతతో సంతకము చేసినవాడు దానికి తగిన మజూరిని తలయెత్తి అడుగవచ్చును. పెద్దదైనను ఇచ్చుట మన ధర్మము. కాని తండ్రి బిడ్డకిచ్చిన నేల అమ్మకపు సరుకు కాదు, దానిపై కమీషను లేదు. సలహాదారుడు అమ్మునది తన విద్యను, శ్రమను; ఫీజును వానితోనే కొలువవలెను.